వేరే గ్రహం మీద మనిషి బతకగలడా? పిల్లలకు ఎలా చెప్పాలో విశాఖ తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవు రోజుల్లో విశాఖలో పిల్లలకు ఆకాశం గురించి తరగతులు చెబుతుంటాను. తరగతి అయ్యాక గేటు దగ్గర తల్లిదండ్రులు అడిగేవీ, టీచర్లు వాట్సాప్‌లో పంపేవీ చూస్తే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఈ పాఠాన్ని నేను రాకెట్‌తో మొదలుపెట్టను, ఊపిరితో మొదలుపెడతాను. మనిషి ప్రాణం నిలవడానికి ఏమేం కావాలో పిల్లలకు అర్థమైతే, ఏ గ్రహం మీద బతకగలమో వాళ్లే తేల్చుకుంటారు.

## మొదలుపెట్టే ముందు

మా వాడికి ఆరేళ్లే. ఇవన్నీ ఇప్పుడే చెప్పాలా?

చెప్పొచ్చు, అంకెలు మాత్రం వద్దు. ఆ వయసులో "అక్కడ మనం పీల్చే గాలి లేదు, అందుకే సూట్ వేసుకోకుండా బయటికి రాకూడదు" అన్న ఒక్క మాట చాలు. రెండు కుర్చీల మీద దుప్పటి కప్పి ఇల్లు చేయండి. లోపలికి ఏమేం తీసుకెళ్తావని అడిగితే బొమ్మలు, బిస్కెట్లు, దిండు అంటాడు. నీళ్లు గుర్తొచ్చేదాకా ఆగండి. గాలి సంగతి చాలామంది పిల్లలకు తట్టనే తట్టదు. అది అడగాల్సింది మీరే. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక దూరాలు, బరువులు చెప్పండి. ఎందుకు, ఎలా అన్నవి హైస్కూల్ వయసుకు వదిలేయండి.

నాకే సైన్స్ అంతంతమాత్రం. తప్పు చెప్తానేమోనని టెన్షన్.

అంగారకుడి గురించి కొన్ని సంగతులు గట్టిగా తెలిస్తే చాలు, చాలా ప్రశ్నలు నెట్టుకురావచ్చు. అడ్డుకొలతలో అది భూమిలో సగం. గాలి చాలా పలచన, అందులోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడ్. సగటు ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోజు 24 గంటల 40 నిమిషాలు, సంవత్సరం 687 రోజులు. గురుత్వాకర్షణ మన దగ్గర ఉన్నదాంట్లో 38 శాతం. అంటే 30 కిలోల పిల్లాడు అక్కడ మన వేయింగ్ మెషీన్ ఎక్కితే 11 కిలోల చిల్లర చూపిస్తుంది. పదేళ్ల పాపకు అక్కడి లెక్కలో ఐదేళ్లు దాటి కొంచెం. ఈ రెండు లెక్కలూ పిల్లల చేతే వేయించండి, ఇక మర్చిపోరు.

చంద్రుడు, శుక్రుడు, అంగారకుడు... దేనితో మొదలుపెట్టాలి?

చంద్రుడితో. కంటికి కనిపిస్తాడు, మనుషులు వెళ్లొచ్చారు. చంద్రుడు గ్రహం కాదు, ఉపగ్రహం అని ఒకసారి చెప్పి ముందుకు వెళ్లండి. 1969 జులై నుంచి 1972 డిసెంబర్ వరకు 12 మంది అక్కడ నడిచారు. మన చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువానికి దగ్గర్లో దిగింది. ఆ తర్వాత అంగారకుడు. శుక్రుడు సైజులో భూమికి జోడీ అయినా అక్కడ 460 డిగ్రీల వేడి, భూమి మీద కంటే 90 రెట్ల పైన వాయుపీడనం. దిగిన యంత్రాలే గంటల్లో పాడైపోయాయి.

మా అత్తగారు కుజుడంటే కుజదోషం అంటారు. పిల్లలు గందరగోళపడుతున్నారు.

పెద్దావిడ మాటను పిల్లల ముందు కొట్టిపారేయకండి. జాతకం సంగతి ఇంటి నమ్మకం. ఆకాశంలో ఎర్రగా కనిపించే ఆ గ్రహం చుట్టూ తిరగడానికి మన దేశం 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి మంగళయాన్‌ను పంపిందనీ, 2014 సెప్టెంబర్ 24న అది అక్కడికి చేరి ఫొటోలు పంపిందనీ చెప్పండి. ఆ ఫొటోలు మామ్మకు కూడా చూపించమనండి. నేను చూసినంతలో మామ్మలే ఎక్కువ ఆసక్తిగా చూస్తారు.

## చిన్న పిల్లలతో

కోట్ల కిలోమీటర్లంటే వాళ్లకు తలకెక్కట్లేదు. ఎలా చెప్పాలి?

పెద్దవాళ్లకు కూడా తలకెక్కదు. వంటింట్లోంచి ఒక కాబూలీ శనగ, ఒక కందిగింజ, ఒక ఆవగింజ తీసుకుని పిల్లలతో బీచ్ రోడ్డుకు వెళ్లండి. సెంటీమీటరు ఉన్న శనగ భూమి, కందిగింజ అంగారకుడు, ఆవగింజ చంద్రుడు. శనగకూ ఆవగింజకూ మధ్య స్కూలు స్కేలంత దూరం, అంటే 30 సెంటీమీటర్లు. మనిషి ఈ రోజు వరకు కాలు పెట్టిన పరాయి నేల ఆ ఆవగింజ ఒక్కటే.

ఇప్పుడు కందిగింజ పట్టుకున్న పిల్లను నడవమనండి. అంగారకుడు మనకు బాగా దగ్గరికి వచ్చినప్పుడు దూరం సుమారు 5.6 కోట్ల కిలోమీటర్లు. మన లెక్కలో 44 మీటర్లు. సూర్యుడికి అవతలి వైపు ఉన్నప్పుడు 40 కోట్ల కిలోమీటర్లు, అంటే 300 మీటర్ల పైనే. అంత దూరం నుంచి ఆ పిల్ల కేకేసినా మీకు సరిగా వినపడదు. రేడియో సంకేతం కూడా అంగారకుడి నుంచి రావడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుందని అప్పుడు చెప్పండి. అక్కడున్న వాళ్లతో ఫోన్‌లో మాట్లాడలేం, మెసేజ్ పెట్టి ఎదురుచూడాల్సిందే.

మార్స్ మీద గాలి ఉందంటారు, ఊపిరాడదంటారు. మా పాప ఏదో ఒకటి చెప్పమంటోంది.

పాప అడిగింది న్యాయమే. గాలి ఉంది, మన గాలితో పోలిస్తే దాని పీడనం ఒక శాతం కూడా లేదు. ఇది మాటల్లో కంటే చేతిలో చూపిస్తే బాగుంటుంది.

మెడికల్ షాపులో సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి అడగండి. నీళ్లు ఒకసారి మరగబెట్టి, వేలు పెడితే చురుక్కుమనేంత వేడికి చల్లారనివ్వండి. ముందుగా మరగబెడితే నీళ్లలో కరిగిన గాలి చాలావరకు పోతుంది, లేకపోతే దాని బుడగలనే మరుగు అనుకుంటాం. రెండు మిల్లీలీటర్లు లోపలికి లాగి, పైనున్న గాలంతా బయటికి నెట్టేయండి. మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, సిరంజి వెనకున్న కాడను (ప్లంజర్‌ను) వెనక్కి లాగండి. పొయ్యి లేదు, మంట లేదు, అయినా నీళ్లు బుడబుడా మరుగుతాయి. వదిలేస్తే ఆగిపోతాయి, మళ్లీ లాగితే మళ్లీ మరుగుతాయి. వేడినీళ్లు కాబట్టి మొదటిసారి పెద్దవాళ్లే చేయాలి.

పీడనం తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. అంగారకుడి మీద గ్లాసులో నీళ్లు పోస్తే గడ్డకట్టే చలిలోనే ఆవిరైపోతుంటాయి. సూట్ పని ఆక్సిజన్ ఇవ్వడం ఒక్కటే కాదని, ఒంటి చుట్టూ తగినంత పీడనం నిలబెట్టాలని పాపకు ఇప్పుడు అర్థమవుతుంది.

కుర్సురా సబ్‌మెరైన్ చూపిస్తే ఈ పాఠానికి పనికొస్తుందా?

మన ఊరి పిల్లలకు అంతకు మించిన తరగతి గది లేదు. ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో సేవ ముగించింది, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో డెబ్బై మందికి పైగా రోజుల తరబడి బతికారు. సాధారణంగా పిల్లలను టార్పెడోలు చూపించి బయటికి తీసుకొచ్చేస్తారు. ఈసారి నెమ్మదిగా నడిపించండి.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లే గుండ్రటి ద్వారం దగ్గర ఆపండి. తల వంచి, కాలెత్తి దాటాలి. తలుపు ఎందుకింత చిన్నది, ఎందుకింత మందం అని అడగండి. ఒక గదిలోకి నీళ్లొస్తే ఆ తలుపు మూసి మిగతావాళ్లను కాపాడుకోవాలి. అంగారకుడి మీద ఇల్లు కట్టినా గదికీ గదికీ మధ్య అలాంటి తలుపులే ఉండాలి, నీళ్లు లోపలికి రాకుండా కాదు, గాలి బయటికి పోకుండా. తర్వాత ఒకదాని మీద ఒకటి ఉన్న పడకలు చూపించండి. స్నానం ఎక్కడ చేసేవాళ్లు, బట్టలు ఎక్కడ ఆరేసేవాళ్లు, గొడవైతే అలిగి ఎక్కడికెళ్లేవాళ్లు? ఈ చివరి ప్రశ్నకు పిల్లలు చాలాసేపు ఆలోచిస్తారు.

బయటికొచ్చాక అసలు తేడా చెప్పండి. కుర్సురా డీజిల్, బ్యాటరీలతో నడిచేది. గాలి కావాలంటే నీటి పైకొచ్చేది, లేదా గొట్టం ఒక్కటి పైకి చాపి పీల్చుకునేది. ఎంత లోతుకెళ్లినా పైన గాలి సముద్రమంత ఉంది. అంగారకుడి మీద ఇంటి కిటికీ బయట అదేమీ లేదు.

ఎర్రమట్టి దిబ్బలు చూపించి "మార్స్ ఇలాగే ఉంటుంది" అనొచ్చా?

రంగు వరకు అనొచ్చు. రెండు చోట్లా ఎరుపు ఇనుము ఆక్సైడ్ వల్లే. భీమిలి దారిలో మన దిబ్బల మీద వాన నీరు కోసిన గాడులు కనిపిస్తాయి. అంగారకుడి మీద కూడా ఎప్పుడో నీళ్లు పారిన జాడలున్నాయి. 2021 ఫిబ్రవరి 18న నేల మీద తిరిగే యంత్రం పర్సివరెన్స్ రోవర్ దిగిన చోటు ఒకప్పటి సరస్సే. తేడా కూడా చెప్పాలి. మన దిబ్బల్లో జీడిమామిడి చెట్లున్నాయి, పురుగూ పుట్రా ఉన్నాయి. అక్కడ ఇంతవరకు ఒక్క ప్రాణి ఆనవాలు కూడా ఖాయంగా దొరకలేదు. ఇంకొక మాట: దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. ప్రాజెక్టు కోసమని మట్టి సీసాలో నింపి తేనివ్వకండి.

## హైస్కూల్ పిల్లలు అడిగేవి

మొక్కలు పెంచుకుంటే ఆక్సిజన్ వచ్చేస్తుంది కదా, టీచర్?

ఈ మాట ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. దీనికి నేను అరిజోనాలో జరిగిన బయోస్ఫియర్-2 కథ చెబుతాను. మూడెకరాల గాజు భవనంలో అడవి, పొలం, చిన్న సముద్రం పెట్టి, 1991 సెప్టెంబర్‌లో ఎనిమిది మందిని లోపల ఉంచి తలుపు వేశారు. వాళ్లు రెండేళ్లు ఉన్నారు. అయితే గాలిలో దాదాపు 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ పదహారు నెలల్లో 14.5 శాతానికి పడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్లు నిద్ర పట్టదు. చివరికి బయటి నుంచి ఆక్సిజన్ పంపించాల్సి వచ్చింది.

అన్ని మొక్కలుండగా ఎందుకలా అయింది? సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. ఆ కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కలు వాడుకుని ఆక్సిజన్ తిరిగి ఇవ్వాలి. మధ్యలో కొత్త కాంక్రీటు గోడలు దాన్ని పీల్చేసుకున్నాయి. మొక్కలకు అందాల్సింది గోడల్లో ఇరుక్కుపోయింది. గోడ కూడా లెక్కలోకి వస్తుందని ముందు ఎవరికి తట్టింది? పిల్లలకు దీన్ని బోర్డు మీద బాణం గుర్తులతో గీసి చూపించండి, కిరణజన్య సంయోగక్రియ పాఠం కూడా అక్కడే పూర్తవుతుంది.

యంత్రంతో తయారుచేసే దారి ఉంది. పర్సివరెన్స్‌లోని మాక్సీ అనే పరికరం అంగారకుడి గాలిలోంచే ఆక్సిజన్ తీసింది. అన్ని విడతలూ కలిపి 122 గ్రాములు. ఒక మనిషికి రోజుకు 840 గ్రాముల దాకా కావాలి, కాబట్టి అది మూడున్నర గంటల ఊపిరి. తక్కువే, కానీ పరాయి గ్రహం మీద మనిషి చేసిన మొదటి ఆక్సిజన్ అది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రోగుల కోసం మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన స్టీల్ ప్లాంట్ నుంచే మహారాష్ట్రకు బయల్దేరింది. ఆక్సిజన్ తయారీ అంటే ఎంత పెద్ద పనో ఈ ఊరి పిల్లలకు చెప్పడం తేలిక.

అక్కడ నీళ్లు ఉన్నాయా, లేవా?

మంచుగా ఉన్నాయి. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ కొంచెం తవ్వగానే తెల్లటి ముక్కలు బయటపడ్డాయి, కొన్ని రోజుల్లో ఆవిరైపోయాయి. అదే ల్యాండర్ మట్టిలో పెర్‌క్లోరేట్ లవణాలు కూడా కనిపెట్టింది. అవి థైరాయిడ్‌కు చేటు చేస్తాయి కాబట్టి మట్టిని శుభ్రం చేయకుండా అందులో వంకాయలు పండించి తినలేం. దొరికిన నీళ్లను తిప్పి తిప్పి వాడుకోవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రం, చెమట, ఊపిరిలోని తేమ కలిపి 98 శాతం నీటిని తిరిగి రాబట్టే స్థాయికి 2023లో చేరుకున్నారు.

బొర్రా గుహల్లాంటి చోట ఉంటే సరిపోదా?

మంచి ఆలోచన, శాస్త్రవేత్తలదీ ఇదే ఆలోచన. అంగారకుడి నేల మీద ఏడాదిలో తగిలే రేడియేషన్ భూమి మీద సహజంగా తగిలేదానికి దాదాపు వంద రెట్లు. మనకున్నట్టు మందపాటి గాలి పొర, గ్రహమంతటినీ కప్పే అయస్కాంత క్షేత్రం దానికి లేవు. పైన రాతి కప్పు ఉంటే రక్షణ. అయితే బొర్రా సున్నపురాయిని నీళ్లు కరిగించగా ఏర్పడింది. అక్కడివి లావా పారి, పైపొర గట్టిపడి, లోపలిది జారిపోగా మిగిలిన సొరంగాలు.

అంతకాలం ఉంటే ఒంటికి ఏమవుతుంది?

బరువు తెలియని చోట ఎముకలు నెలకు ఒక శాతం దాకా పలచబడతాయి, కండరాలు తగ్గుతాయి. అందుకే అంతరిక్ష కేంద్రంలో రోజూ రెండు గంటలు వ్యాయామం తప్పనిసరి. ఒకే విడతలో అందరికంటే ఎక్కువకాలం ఉన్నది రష్యాకు చెందిన వలేరి పొల్యకోవ్, 437 రోజులు. అంగారకుడికి వెళ్లడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. రెండు గ్రహాలూ అనువుగా అమరేది 26 నెలలకోసారి కాబట్టి వెళ్లినవాళ్లు అక్కడ ఆగాలి. వెళ్లి రావడానికి మొత్తం రెండున్నర, మూడేళ్లు. 38 శాతం గురుత్వాకర్షణలో పిల్లలు పుట్టి పెరిగితే ఎలా ఉంటారో చెప్పగలిగిన డాక్టర్ ఇప్పుడు ఎవరూ లేరు. ఈ మాట పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పండి.

మార్స్‌ను వేడెక్కించి భూమిలా మార్చేయొచ్చట కదా?

ఇప్పుడున్న సాంకేతికతతో కుదరదు. అక్కడ అందుబాటులో ఉన్న కార్బన్ డయాక్సైడ్ అంతా గాలిలోకి వదిలినా తగినంత వేడి, పీడనం రావని 2018లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

వేరే నక్షత్రాల దగ్గర భూమిలాంటివి దొరికాయంటున్నారు. అక్కడికి వెళ్లలేమా?

సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి 1995లో కనిపెట్టారు. ఇప్పుడు లెక్క వేలల్లో ఉంది. దగ్గర్లోది ప్రాక్సిమా బి, 4.2 కాంతి సంవత్సరాల దూరం, అంటే వెలుగుకే అక్కడికి చేరడానికి 4.2 ఏళ్లు పడుతుంది. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక వేగంతో అంత దూరం పోవాలంటే 70 వేల ఏళ్ల పైనే పడుతుంది. "భూమిలాంటిది" అని పేపర్లో వస్తే చాలాసార్లు సైజు, నక్షత్రం నుంచి ఉన్న దూరం మాత్రమే తెలిశాయని అర్థం. గాలి, నీరు చూసినట్టు కాదు.

## భయపడినప్పుడు, నమ్మేసినప్పుడు

భూమి పాడైపోతోంది కాబట్టి అందరం వెళ్లిపోవాలని మా అమ్మాయి రాత్రి ఏడ్చింది.

ముందు దగ్గరికి తీసుకోండి, అంకెలు తర్వాత. "మనం ఎక్కడికీ వెళ్లట్లేదు, ఇక్కడే ఉంటాం" అన్న మాట అమ్మానాన్నల నోట వినాలి. సూర్యుడికి ఇంకా 500 కోట్ల ఏళ్ల ఆయుష్షు ఉందని మర్నాడు చెప్పొచ్చు.

కొంచెం పెద్దపిల్ల అయితే 2014 అక్టోబర్ 12 గురించి చెప్పండి. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో కరెంటు లేదు, కొళాయి రాలేదు, పాల ప్యాకెట్ కోసం క్యూ కట్టాం. చెట్లు కూలి కైలాసగిరి బోడిగా అయిపోయింది. అంత నష్టంలోనూ గాలి పీల్చుకోవడానికి ఎవరూ క్యూ కట్టలేదు. కూలినచోట మళ్లీ మొక్కలు నాటాం, అవి మళ్లీ పెరిగాయి. ఎంత దెబ్బతిన్నా భూమి మీద బతకడం అంగారకుడి మీద బతకడం కంటే తేలిక. "ఇది పోతే అదుంది" అని పిల్లలకు చెప్పడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అది నిజం కాదు, పైగా వాళ్ల నిద్ర చెడగొడుతుంది.

యూట్యూబ్‌లో మార్స్ మీద సిటీ చూశానంటున్నాడు. కాదంటే ఒప్పుకోడు.

కాదనకండి. "ఇది తీసిన ఫొటోనా, గీసిన బొమ్మా?" అని అడగడం అలవాటు చేయండి. రోవర్లు పంపిన అసలు ఫొటోలు పక్కన పెట్టి చూపించండి: రాళ్లు, దుమ్ము, చక్రాల గుర్తులు, నీలంగా కనిపించే సూర్యాస్తమయం. అంగారకుడి మీద ఇంతవరకు మనిషి దిగలేదు. ఎప్పుడు దిగుతాడని అడిగితే, చెప్పిన తేదీలు చాలాసార్లు వెనక్కి జరిగాయని చెప్పండి.

మార్స్ మీద ప్లాట్లు అమ్ముతున్నారట, పుట్టినరోజుకు కొనిమ్మంటున్నాడు.

కొనకండి. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ మరో గ్రహాన్ని తనదనలేదు. మనదేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది. ఎవరిదీ కాని నేలను అమ్మే హక్కు ఎవరికీ లేదు. ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్స్ వస్తాయి.

## ఇంకా తెలుసుకోవాలనే పిల్లలకు

మా అమ్మాయి ఆస్ట్రోనాట్ అవుతానంటోంది. ఏం చదివించాలి?

ఎనిమిదో తరగతిలోనే కోచింగ్ వద్దు. లెక్కలు, సైన్స్ ఇష్టంగా చదవనివ్వండి, ఈత నేర్పించండి. మనుషులను అంతరిక్షంలోకి పంపే మన గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన పైలట్లు. వాళ్లలో శుభాంశు శుక్లా 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చారు. మన తెలుగమ్మాయి శిరీష బండ్ల ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి 2021లో అంతరిక్షం అంచు దాకా వెళ్లారు. అయితే ఒక్కరు పైకి వెళ్లాలంటే కింద వందల రకాల పనులు జరగాలి. సముద్రంలో దిగే గగన్‌యాన్ మాడ్యూల్‌ను ఓడలోకి ఎక్కించే పరీక్ష 2024 డిసెంబర్‌లో మన విశాఖ తీరంలోనే నౌకాదళం చేసింది. డాక్టర్లు, వెల్డర్లు, వంట శాస్త్రం తెలిసినవాళ్లు, మనస్తత్వ నిపుణులు అందరూ కావాలి. అమ్మాయికి ఏది ఇష్టమో అడిగి, అందులోంచి దారి చూపించండి.

అంగారకుణ్ణి మన ఊళ్లోంచే చూపించొచ్చా?

చూపించొచ్చు, టెలిస్కోప్ అక్కర్లేదు. 26 నెలలకోసారి అంగారకుడు భూమికి దగ్గరగా వచ్చి రాత్రంతా కనిపిస్తాడు. ఈసారి అది 2027 ఫిబ్రవరి 19. ఆ వారంలో ఏ రోజైనా పొద్దుగూకాక తూర్పున సముద్రం మీద చూడండి. మినుకు మినుకుమనకుండా నారింజ రంగులో నిలకడగా వెలుగుతుంటాడు. ఆర్కే బీచ్‌లో దీపాల వెలుగు ఎక్కువ, భీమిలి వైపు వెళ్తే మేలు. ఫిబ్రవరిలో ఆకాశం సాధారణంగా తేటగానే ఉంటుంది. పిల్లలకు స్వెటర్ వేయండి, ఫోన్లు జేబులో పెట్టి కళ్లు చీకటికి అలవాటు పడటానికి పావుగంట ఇవ్వండి.